పాత వాల్వు ఆంప్ టోన్ మార్చాలనుకునే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. అది ఫెండర్ చాంప్ అనే చిన్న గిటార్ ఆంప్లిఫయర్, వెండి రంగు ప్యానెల్‌ది. స్పీకర్ వెనక 465తో మొదలయ్యే నంబరుంది, అంటే ఆక్స్‌ఫర్డ్ స్పీకర్. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 ఉంది, అది షూమాకర్ కంపెనీ కోడ్. రెండూ ఆంప్‌తో పాటు వచ్చినవే అనిపిస్తోంది. లోపల పెద్దగా ఎవరూ చెయ్యి పెట్టినట్టు కూడా లేదు. ఇలాంటిది దొరకడం అదృష్టం. అందుకే టోన్ కోసం నువ్వు రాసిన మార్పులన్నీ ఒకేసారి చేసేయాలన్న తొందర వద్దంటున్నాను. ముందు దాన్ని ఆరోగ్యంగా నిలబెడదాం. నిలబడ్డాక అది అసలు ఎలా పలుకుతుందో విందాం. అప్పుడు ఒక్కో మార్పు చేద్దాం, అదీ వెనక్కి తీసుకోగలిగేదే చేద్దాం.

రేడియోలు బాగుచేసే నాకు ఈ సర్క్యూట్ కొత్తేమీ కాదు. ఈ ఆంప్‌ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కూడా 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషే. ఇందులో మూడే వాల్వులు: గిటార్ సిగ్నల్‌ను పెంచే 12ఏఎక్స్7, స్పీకర్‌ను నడిపే 6వీ6, ఏసీని డీసీ చేసే 5వై3. వాల్వు రేడియోలో స్టేషన్లు పట్టే భాగం తీసేస్తే దాదాపు ఇదే మిగులుతుంది.

మూత తీసే ముందు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకో. ప్లగ్గు పీకేసినా, డీసీని చదును చేసే ఫిల్టర్ కండెన్సర్లలో 350 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. అది డీసీ, తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. 100 కిలో ఓముల రెసిస్టెన్స్ (2 వాట్లది) తీసుకుని, ఒక కొస ఛాసిస్‌కు (ఆంప్ లోపలి లోహపు చట్రానికి) క్లిప్పు పెట్టి, ఇంకో కొసను ప్లాస్టిక్ పిడి ఉన్న ప్రోబ్‌తో కండెన్సర్ ప్లస్‌కు ఆనించు. నిమిషం పాటు అలాగే ఉంచు. తర్వాత మీటర్ పెట్టి సున్నా చూశాకే చేతులు లోపల పెట్టాలి. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి, ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. స్పీకర్ వైరు ఊడదీసి ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకు, స్పీకర్‌కు ముందుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపలే కాలిపోవచ్చు.

ఇక నువ్వు రాసిన కంప్లైంటు: సాయంత్రం పూట వాయిస్తే టోన్ చచ్చిపోయినట్టుంది, రాత్రి పదకొండు దాటాక బాగుంటోంది అన్నావు. అల్లుడా, దీనికి మార్పులతో పనిలేదు. దేవరకొండ వైపు సాయంత్రం మోటర్లన్నీ నడిచే వేళకు వోల్టేజ్ ఎంత ఉంటోందో ముందు చూడు. ఈ ఆంప్ 117 వోల్టుల కోసం చేసింది. నీ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గోడలోని వోల్టేజ్‌ను సగానికి తగ్గిస్తుంది, అంటే గోడలో 230 ఉంటే 115 వస్తుంది, సరిపోతుంది. గోడలో 190 ఉంటే వచ్చేది 95. అప్పుడు వాల్వును వేడిచేసే తీగకు, అంటే 6.3 వోల్టులు ఉండాల్సిన ఫిలమెంట్‌కు దాదాపు 5.1 వోల్టులే అందుతాయి. వాల్వు వేడెక్కక నీరసంగా పలుకుతుంది, బాస్ ఊగిపోతుంది. రాత్రి మోటర్లు ఆగి గోడలో 250 వస్తే ఇక్కడ 125 అవుతుంది, వాల్వు మీద భారం పెరుగుతుంది. స్టెప్‌డౌన్‌కు ముందు మంచి స్టెబిలైజర్ పెట్టు. దానికయ్యే ఖర్చు ఏ మార్పు కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఒక వారం ఉదయం, సాయంత్రం, రాత్రి మీటర్ రీడింగులు రాసి నాకు పంపు.

ఆ స్టెప్‌డౌన్‌ను కూడా ఊరికే నమ్మకు. బజారులో దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. లోపల కాయిల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి గోడలో ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఆంప్‌కు వెళ్లే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. టెస్టర్‌తో ముందు గోడ సాకెట్టే సరిచూసుకో. ఫోటోలో ఆంప్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను కత్తిరించి ఉంది. కొత్త మూడు వైర్ల కార్డు వేయాలి. ఎర్త్ వైరు గోడ నుంచి ఛాసిస్ దాకా ఎక్కడా తెగకుండా రావాలి, మధ్యలో స్టెప్‌డౌన్ దాన్ని మింగేయకూడదు. ప్లగ్గు పీకి ఉంచి, దాని ఎర్త్ పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య కొలిస్తే ఒక ఓముకు లోపే చూపించాలి. ఆ కాలపు అమెరికా ఆంప్‌లలో కొన్నింటికి మెయిన్స్ వైరు నుంచి ఛాసిస్‌కు ఒక చిన్న కండెన్సర్ ఉంటుంది. నీదాంట్లో కనిపిస్తే తీసేయ్. అది షార్టయితే గిటార్ తీగల మీదికే కరెంటు వస్తుంది. ఇంకొకటి, అమెరికా కరెంటు 60 సైకిల్స్ (సెకనుకు) కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిల్స్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. మన ఎండాకాలం సంగతి నీకు తెలిసిందే. గంట వాయించాక చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే కాసేపు ఆపు, వెనక వైపు గాలి ఆడేలా గోడకు దూరంగా పెట్టు.

హమ్ గురించి, అంటే వాయించకపోయినా స్పీకర్‌లో వచ్చే ఆ మూలుగు గురించి అడిగావు. లో ఈ తీగ మూడో ఫ్రెట్ మీద నొక్కితే వచ్చే జీ స్వరం 98 సైకిల్స్. నీ హమ్ దానికి దగ్గరగా వినిపిస్తే అది 100 సైకిల్స్ హమ్, ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం. అదే స్వరం ఇంకో స్థాయి కిందికి, బొంగురుగా ఉంటే 50 సైకిల్స్, అంటే ఎర్త్ లేదా ఫిలమెంట్ వైరింగ్ లేదా వాల్వు చూడాలి. యాభై ఏళ్ల కండెన్సర్లు ఎలాగూ మార్చాల్సిందే. పాత కండెన్సర్ డబ్బాను పీకకు, వైర్లు విప్పి అలాగే ఉంచి, ఛాసిస్ కింద కొత్తవి వెయ్యి. 22 మైక్రోఫారడ్, 450 వోల్టులకు తగ్గనివి, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. పెద్దవి వేస్తే ఇంకా బాగుంటుందని ఎవరైనా చెప్పినా వినకు. మొదటి కండెన్సర్ 100 వేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ 5వై3 మీద పడే భారానికి అది ఎక్కువ కాలం బతకదు.

తర్వాత 6వీ6 సంగతి. దాని కేథోడ్ (వాల్వులో కరెంటు బయల్దేరే కొస) నుంచి ఛాసిస్‌కు 470 ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. దాని మీద వోల్టేజ్ కొలువు. 19 వోల్టులు వచ్చిందనుకో, 19ని 470తో భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు. ప్లేటు (కరెంటు చేరే కొస) మీద 350 ఉంటే అందులో 19 తీసేస్తే 331. రెండూ గుణిస్తే 13 వాట్ల పైచిలుకు. అందులో వాల్వులోని ఇంకో కొస, స్క్రీన్‌కు పోయే కొద్దిపాటి కరెంటు తీసేసినా 12 దాటుతోంది, 6వీ6కు పాత లెక్క ప్రకారం హద్దు 12 వాట్లే. నీ కొలతలు ఇంతకన్నా ఎక్కువ చూపిస్తే 470 బదులు 560 వేద్దాం. ఈ లెక్క నువ్వు స్వయంగా కట్టి నాకు రాయాలి. ఒక్కసారి చేతితో చేస్తే వాల్వు ఎలా పనిచేస్తుందో నీకే తెలిసిపోతుంది. అదే సమయంలో 6వీ6 గ్రిడ్ (సిగ్నల్ లోపలికి వచ్చే కొస) మీద కూడా మీటర్ పెట్టు. సున్నా ఉండాలి. పాజిటివ్ వోల్టేజ్ కనిపిస్తే ముందు వాల్వు నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కండెన్సర్ లీకవుతోంది, అది మార్చనిదే వాల్వు బతకదు.

ఇవన్నీ అయ్యాక ఒక వారం వాయించు. నా అంచనా, నువ్వు రాసిన వాటిలో సగం అవసరమే ఉండదు.

అప్పటికీ టోన్ మారాలనిపిస్తే మొదట స్పీకర్. ఎనిమిది అంగుళాల స్పీకర్‌కు బాస్ తక్కువ, పెట్టె చిన్నది. పాతది అలాగే ఉంచి, 4 ఓముల పన్నెండు అంగుళాల స్పీకర్‌ను వేరే పెట్టెలో పెట్టి జాక్‌కు తగిలించి చూడు, ఇది అదే ఆంపా అనుకుంటావు.

రెండోది మొదటి వాల్వు. శబ్దం త్వరగా పగులుతోంది అనిపిస్తే 12ఏఎక్స్7 తీసి, గెయిన్ (పెంపు) తక్కువుండే 5751 వాల్వు పెట్టు, ఇంకా శుభ్రంగా కావాలంటే 12ఏవై7. పిన్నులు ఒకటే, సోల్డరింగ్ అక్కర్లేదు, నచ్చకపోతే వెనక్కి మార్చుకోవచ్చు.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. స్పీకర్ నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ వైరులో 2.7 కిలో ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. దాన్ని ఒక కొస విప్పి మధ్యలో చిన్న స్విచ్ పెట్టు. స్విచ్ తెరిస్తే గెయిన్ పెరుగుతుంది, హై ముందుకొస్తుంది, బాస్ కొంచెం వదులవుతుంది, చేతి ఒత్తిడికి ఆంప్ వెంటనే స్పందిస్తుంది. మూస్తే పాత చాంప్ మళ్లీ అక్కడే ఉంటుంది. ప్యానెల్‌కు కొత్త రంధ్రం కొట్టకు, వెనక వాడని జాక్ రంధ్రం ఉంటే అందులో బిగించు.

మిడ్ (మధ్య స్వరాలు) కావాలంటే, ట్రెబుల్, బాస్ నాబ్‌లుండే టోన్ స్టాక్ సర్క్యూట్‌లో ఛాసిస్‌కు వెళ్లే ఫిక్స్‌డ్ రెసిస్టెన్స్ విలువ పెంచాలి. అది నేను దగ్గర ఉన్నప్పుడు చేద్దాం.

5వై3 తీసి డయోడ్లు వేయాలని రాశావు, వద్దు. ప్లేటు వోల్టేజ్ పెరిగి పైన చెప్పిన లెక్క మొత్తం తప్పుతుంది. 6వీ6 స్థానంలో ఈఎల్34 అనే పెద్ద వాల్వు అసలే వద్దు. 6వీ6 ఫిలమెంట్ 0.45 ఆంపియర్లు తీసుకుంటుంది, ఈఎల్34 1.5 తీసుకుంటుంది. ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ అంత ఎక్కడి నుంచి తెస్తుంది? కాలిపోతే అలాంటిది మళ్లీ అమెరికా నుంచే తెప్పించుకోవాలి. ఇంకా గట్టిగా వినపడాలనే ఆశ అయితే, పది రెట్లు వాట్లు పెంచినా చెవికి రెండింతలే అనిపిస్తుంది. ఫంక్షన్లలో ఆంప్ ముందు ఒక మైకు పెట్టి సౌండ్ సిస్టమ్‌లో కలిపించు.

దసరాకు నల్లగొండ వస్తానన్నావు కదా, ఆంప్‌తో పాటు ఆ స్టెప్‌డౌన్ కూడా తీసుకురా. షాపులో బెంచ్ ఖాళీ చేసి ఉంచుతాను. నువ్వు తీసేసే ప్రతి పాత పార్టునూ చిన్న కవర్లో వేసి, ఎక్కడిదో రాసి పెట్టు. ఒక్కటి కూడా పారేయకు. ఫోన్లో మాట్లాడితే కొలతలు మర్చిపోతావు, రీడింగులు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు.

అక్కకు, బావకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామ