అణచే కణాలన్నిటినీ చంపేస్తే క్యాన్సర్ పోదా?

"రోగనిరోధక శక్తిని అణచే కణాలే గడ్డకు కాపలా కాస్తున్నాయంటారు కదా, వాటన్నిటినీ చంపేస్తే పోలా?" అని అడిగారు. అన్నిటినీ కాదండీ, గడ్డలో చేరినవాటినే చంపాలి. నా అభిప్రాయం ఇంత గట్టిగా ఎందుకుందో చెప్తాను.

మా నాన్నగారికి కిడ్నీ క్యాన్సర్. రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఎక్కించారు. ఇందులో ఇపిలిముమాబ్ సీటీఎల్‌ఏ-4 అనే ప్రొటీన్‌కి అడ్డుపడుతుంది. టీ కణాలంటే రోగనిరోధక కణాలు. వాటిలో మిగతావాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాల మీద ఆ ప్రొటీన్ దండిగా ఉంటుంది. మీరడిగిన అణచే కణాలు ఇవే. స్కాన్‌లో గడ్డ తగ్గిందని సంబరపడుతుండగానే ఒక రాత్రి ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లారేసరికి రక్తం పడింది. బాత్రూం గోడ పట్టుకున్నా నిలబడలేకపోయారు. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు ఫుడ్ పాయిజనింగ్ అని సెలైన్ పెట్టించి, విరేచనాలు కట్టే మాత్ర రాశాడు. ఏ మందులు వాడుతున్నారని ఒక్క మాట అడగలేదు! ఈ మందులు వాడుతున్నట్టు తెలిపే ఇమ్యునోథెరపీ కార్డు చేతిలో పెట్టి, మా క్యాన్సర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడించాకే రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. అప్పుడు గానీ తగ్గలేదు. పేగుల మీద పడింది ఆయన సొంత టీ కణాలే.

మందుతో అదుపు సడలితేనే ఇలా ఉంది. ఫాక్స్‌పీ3 జన్యువు చెడి ఈ రెగ్యులేటరీ కణాలు సరిగా పనిచేయని పిల్లలకు పసితనంలోనే పేగులు, చర్మం దెబ్బతింటాయి, షుగర్ వస్తుంది. ఈ కణాలను, ఆ జన్యువును వెలుగులోకి తెచ్చినందుకే సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది.

ఇంత జరిగాక కూడా చుట్టాలు ఇమ్యూనిటీ పెంచే పొడులు పట్టుకొస్తూనే ఉన్నారు. అందులో ఏముందో డబ్బా మీద కూడా సరిగా ఉండదు. దయచేసి రోగులకు అవి పెట్టకండి.

మొగాములిజుమాబ్ అని ఒక మందుంది. సీసీఆర్4 అనే ప్రొటీన్ పైన ఉన్న కణాలను చంపుతుంది. కొన్ని లింఫోమాలకు, అంటే తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్లకు, బాగా పనిచేస్తుంది. కానీ ఒంట్లోని రెగ్యులేటరీ కణాలనూ తగ్గించేస్తుంది. ఎముక మజ్జ మార్పిడికి కాస్త ముందు వాడితే, దాత కణాలు రోగి ఒంటి మీద తిరగబడే ముప్పు పెరుగుతుంది. నా ఆశంతా సీసీఆర్8 అనే మరో ప్రొటీన్ మీదే. గడ్డలోని రెగ్యులేటరీ కణాల మీద అది ఎక్కువ, రక్తంలో తిరిగేవాటి మీద తక్కువ. దాన్ని గురిపెట్టే యాంటీబాడీలు మనుషుల మీద ట్రయల్స్‌లో ఉన్నాయి. గడ్డ కరగాలి, పేగులు మిగలాలి అంటే దారి అటే ఉంది.