ట్రిగ్గర్ ఎంత తేలికగా ఉండొచ్చు: అల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

గ్లాక్ 19 పిస్టల్ కొన్నావనీ, దానికి రెండు పౌండ్ల ట్రిగ్గర్ కిట్ ఆర్డర్ పెట్టావనీ మీ అత్త చెప్పింది. ఇంకా బిగించలేదు కదా? అయితే ముందు ఇది చదువు. పిస్టల్ కొన్నందుకు నిన్నేమీ అనను. గ్రీన్‌కార్డు చేతికొచ్చేదాకా ఆగి కొన్నావు, అది పద్ధతి. ఒక్కటి గుర్తుంచుకో. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీదున్నవాళ్ల చేతిలో తుపాకీ ఉండటానికి, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పితే, ఇక్కడ అమెరికాలో ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. నీ రూమ్మేట్లు సరదాగా పట్టుకుని ఫొటో దిగుతామన్నా ఇవ్వకు.

ఇక అసలు సంగతి. ట్రిగ్గర్‌ను ఎంత బలంతో లాగితే తూటా పేలుతుందో అదే దాని పుల్ వెయిట్. ఒక పౌండ్ అంటే 454 గ్రాములు. నీ గ్లాక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు సుమారు ఐదున్నర పౌండ్లుంటుంది. దాన్ని అలాగే ఉంచమనే నా సలహా. ఇంట్లో పెట్టుకునేదైనా, నడుముకు కట్టుకునేదైనా నాలుగున్నర నుంచి ఆరు పౌండ్ల మధ్య ఉంటే చాలు. నాలుగు కన్నా తగ్గించాలంటే గట్టి కారణం ఉండాలి. మూడు, అంతకన్నా తక్కువ అయితే ఆ పిస్టల్ షూటింగ్ రేంజ్‌కు వెళ్లి రావడానికే. దాన్ని లోడ్ చేసి నడుముకు పెట్టుకుని తిరగకూడదు. ఇది చట్టం కాదు, ఇన్నేళ్లు చూశాక నాకు కుదిరిన లెక్క.

రెండు పౌండ్లంటే 900 గ్రాములు. మ్యాగజైన్ నిండా తూటాలున్న గ్లాక్ 19 బరువు 850 గ్రాముల చిల్లర. అంటే నువ్వు పెట్టబోయే ట్రిగ్గర్‌కూ పిస్టల్ సొంత బరువుకూ పెద్ద తేడా లేదు. ట్రిగ్గర్ దేనికైనా తగులుకుని పిస్టల్ వేలాడితే, ఒక చిన్న కుదుపు చాలు పేలడానికి. గ్లాక్‌కు బొటనవేలితో నొక్కే సేఫ్టీ కూడా లేదు. ట్రిగ్గర్ మీదున్న ఆ చిన్న మీట వేలికీ, చొక్కా అంచుకూ తేడా చూడదు. నిజంగా భయపడాల్సింది పిస్టల్‌ను దాని తొడుగులోకి, అంటే హోల్‌స్టర్‌లోకి తిరిగి దోపే క్షణంలో. హుడీ తాడు ముడి ట్రిగ్గర్ చుట్టూ ఉండే రింగులోకి, అంటే ట్రిగ్గర్ గార్డ్‌లోకి దూరుతుంది, నువ్వు కిందికి తోస్తావు, తాడు బిగుసుకుని ట్రిగ్గర్‌ను లాగేస్తుంది. బొడ్డు దగ్గర పెట్టుకునే అలవాటుంటే అప్పుడు గొట్టం చూసేది నీ తొడనే. ఐదున్నర పౌండ్లుంటే ఎక్కడో పట్టేస్తోందని చేతికి తెలుస్తుంది, ఆగుతావు. రెండు పౌండ్లకు ఆ టైమ్ ఉండదు.

మన ఒళ్లు కూడా మన మాట వినదు. ఉలిక్కిపడితే వేళ్లు ముడుచుకుంటాయి. ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకుంటే రెండో చెయ్యీ తెలీకుండా బిగుస్తుంది. అర్ధరాత్రి చప్పుడై లేచినప్పుడు గుండె దడదడలాడుతుంటే, రేంజ్‌లో స్పష్టంగా తెలిసిన ఆ సన్నటి ఒత్తిడి వేలికి తెలియదు. అందుకే వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ గార్డ్ బయట, ఫ్రేమ్ మీద చాపి ఉండాలి. ట్రిగ్గర్ ఎన్ని పౌండ్లదైనా ఈ అలవాటు తర్వాతే ఏదైనా. స్ప్రింగ్ బరువు రెండో కాపలా మాత్రమే.

ఒలింపిక్ షూటర్లది అర కిలో ట్రిగ్గరే కదా అని నువ్వడుగుతావని తెలుసు. నిజమే, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములుంటే చాలు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌కు మాత్రం కనీసం 1000 గ్రాములు ఉండాలి. కానీ వాళ్లు ఫైరింగ్ లైన్ మీద నిలబడి, ఆర్డర్ వచ్చాకే లోడ్ చేస్తారు. గొట్టం టార్గెట్ వైపే ఉంటుంది. ఆ పిస్టల్‌ను ఎవరూ నడుముకు పెట్టుకుని సరుకులు కొనడానికి వెళ్లరు.

అలాగని బరువు పెంచుకుంటూ పోతే భద్రత పెరుగుతుందనీ కాదు. న్యూయార్క్ పోలీసులు ఏళ్ల తరబడి దాదాపు 12 పౌండ్ల ట్రిగ్గర్ వాడారు, పొరపాటున పేలకూడదని. అంత బలంతో లాగితే పిస్టలే పక్కకు కదిలిపోతుంది. 2012లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు కాల్పులు జరిపితే, దారిన పోయేవాళ్లు తొమ్మిది మంది గాయపడ్డారు. అందులో ట్రిగ్గర్ పాత్ర ఎంతో ఎవరూ తేల్చి చెప్పలేరు గానీ, ఆ బరువు మీద విమర్శలు మాత్రం గట్టిగానే వచ్చాయి. 2021లో కొత్తగా చేరేవాళ్లకు తేలిక ట్రిగ్గర్ ఇవ్వడం మొదలుపెట్టారు. తేలిక అన్నా అది నీ రెండు పౌండ్లు కాదు సుమా!

నీ బాధేమిటో కూడా నాకు తెలుసు. గుళ్లన్నీ ఎడమవైపు, కిందికి పడుతున్నాయని కదా? అది ట్రిగ్గర్ బరువు వల్ల కాదు. పేలబోతోందని ముందే తెలిసిపోయి మొత్తం పిడికిలి బిగిస్తున్నావు. తేలిక స్ప్రింగ్ వేస్తే ఆ తప్పు కనపడకుండా పోతుందేమో గానీ, పోదు. ఇంట్లో ఒక్క తూటా కూడా లేని గదిలో, మ్యాగజైన్ తీసి, పైన కదిలే స్లైడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో కంటితో చూసి వేలితో తడిమి, గట్టి గోడ వైపు గురిపెట్టి ప్రాక్టీస్ చెయ్యి. గొట్టం కొసన గురి చూసే సైట్ వెనకాల స్లైడ్ మీద ఒక నాణెం నిలబెట్టు. ట్రిగ్గర్ లాగినా అది కింద పడకూడదు. మొదట్లో ఉండే లూజు దాటాక గోడలా అడ్డం తగిలే చోట ఆగు, అక్కడినుంచి మెల్లగా ఒత్తిడి పెంచు. రోజూ పది నిమిషాలు చేస్తే ఐదున్నర పౌండ్లు ఎక్కువని నీకే అనిపించదు.

చేతికి బరువనిపించేది చాలాసార్లు బరువు కాదు, గరుకుదనం. వాడేకొద్దీ అది కొంత అరుగుతుంది. అప్పటికీ నచ్చకపోతే నాలుగున్నర దాకా తగ్గించే పార్టు ఒకటి తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ చేత వేయించుకో, నువ్వు మాత్రం ఆకురాయి పట్టకు. లోపలి పార్టులు ఒకదాన్నొకటి పట్టుకునే అంచు వెంట్రుకవాసి తగ్గినా, పిస్టల్ కిందపడితే పేలే ప్రమాదముంది. పైగా తూటాను కొట్టే స్ట్రైకర్ స్ప్రింగ్ మరీ మెత్తనిదైతే కొన్ని తూటాలకు దెబ్బ చాలక అసలు పేలవు. ఇంట్లో దొంగ దూరిన రాత్రి టక్కుమని ఊరుకుంటే ఏం చేస్తావ్?

బరువు చూడాలంటే గేజ్ ఉంది నా దగ్గర. కొక్కెం ట్రిగ్గర్ మధ్యలో తగిలించాలి. కింది చివర తగిలిస్తే తక్కువ చూపిస్తుంది, పైన ఎక్కువ. పదిసార్లు లాగి సగటు తీస్తేనే అది అంకె. ఆ కిట్ డబ్బా మీద రెండని రాసినంత మాత్రాన నీ పిస్టల్‌లో రెండే వస్తుందని కూడా లేదు.

ఇంకో విషయం. వచ్చే నెల అక్కా బావా, అదే మీ అమ్మా నాన్నా వస్తున్నారు, ఆరు నెలలుంటారు. అక్క ఎక్కడున్నా అలమరాలు సర్దకుండా ఉండలేదు. టెక్సాస్‌లో లోడ్ చేసిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే నేరం, మన చిన్నదానికి ఇంకా ఆరేళ్లే. అక్క దిగేలోపు తాళమున్న పెట్టె కొని గోడకు బిగించు.

శనివారం పొద్దున రేంజ్‌కు రా. పిస్టల్ ఖాళీగా, దాని డబ్బాలో పెట్టి తీసుకురా. కిట్ కవర్ మాత్రం చింపకు, చింపితే వాడు రిటర్న్ తీసుకోడు.

మీ మావయ్య