కేసులున్న పిల్లలతో ఉద్యోగం: అమ్మాయిని వెళ్లనివ్వాలా?

ప్రశ్న: మాది చీరాల. మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ రెండో ఏడాది చదువుతోంది. కోర్టు కేసుల్లో ఉన్న అబోరిజినల్ (అక్కడి మూలవాసుల) పిల్లలకు కేస్ మేనేజర్‌గా పనిచేస్తానంటోంది. ఆడపిల్లకి నేరస్తుల మధ్య పనేమిటని ఇంట్లో ఒకటే టెన్షన్. ఐటీ కోర్సుకి మారమంటే వినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఐటీకి మారమని ఒత్తిడి చేయకండమ్మా. మీ అమ్మాయి తేలిక దారేమీ ఎంచుకోలేదు. కానీ అది మీరు భయపడుతున్న పని మాత్రం కాదు.

ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాల్లో పదేళ్ల పిల్లాడి మీద కూడా కేసు పెట్టొచ్చు. అక్కడ 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో మూలవాసులు సుమారు 6 శాతమే. నిర్బంధంలో ఉన్న పిల్లల్లో మాత్రం సగానికి పైగా వాళ్లే. వీళ్లలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు. బెయిల్ రాకనో, బెయిల్ షరతు తప్పారనో లోపల ఉన్నారు. మీ అమ్మాయి పనిచేసేది ఈ పిల్లలతోనే. ఆ పని కూడా చాలావరకు జైల్లో ఉండదు. ఇళ్లు, స్కూళ్లు, కోర్టు వరండాలు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు.

ఒక ఉదాహరణ చెబుతాను. పదిహేనేళ్ల కుర్రాడు రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు కదలకూడదని బెయిల్ షరతు ఉందనుకోండి. నాలుగు వందల కిలోమీటర్ల అవతల, సొంత గడ్డ మీద, వాళ్ల మామయ్య పోయాడు. చావుకు సంబంధించిన ఈ కార్యాలను వాళ్లు సారీ బిజినెస్ అంటారు. ఒక్కోసారి రోజుల తరబడి సాగుతాయి, వెళ్లకపోతే అయినవాళ్ల దగ్గర తలెత్తుకోలేరు. కుర్రాడు చెప్పకుండా వెళ్తే షరతు తప్పినట్టే, మళ్లీ అరెస్టు. కేస్ మేనేజర్ గట్టిదైతే ఆ రోజే లాయరుకి ఫోన్ చేసి షరతు మార్చమని కోర్టును అడిగిస్తుంది. అక్కడ ఎవరింట్లో ఉంటాడో కనుక్కుంటుంది, ప్రయాణానికి బండి చూస్తుంది, ఇదంతా కాగితం మీద పెడుతుంది. ఆ పిల్లాడు మళ్లీ లోపలికి వెళ్లకుండా ఆపేవి ఇలాంటి ఫోన్లే.

మిగతా రోజుల్లో స్కూల్లో మళ్లీ చేర్పించడం, బర్త్ సర్టిఫికెట్ తెప్పించడం, చెవుల పరీక్ష చేయించడం. చెవులెందుకంటే, చిన్నప్పుడు చెవిలో చీము కారి వినికిడి తగ్గిన పిల్లలు వాళ్లలో ఎక్కువ. కోర్టులో అడిగింది వినపడక మౌనంగా నిలబడితే పొగరనుకుంటారు.

అసలు కష్టం నమ్మకం దగ్గరుంది. ఇరవయ్యో శతాబ్దంలో 1970ల దాకా ప్రభుత్వమే అబోరిజినల్ పిల్లలను తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయింది. 1997లో జాతీయ విచారణ నివేదిక ఆ సంగతంతా బయటపెట్టింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. అయినా ఈ రోజుకీ ఫైలు పట్టుకుని తలుపు తట్టిన మనిషిని చూస్తే ఒక అమ్మమ్మకు గుండె దడ. మీ ఊరి పక్కనే స్టువర్టుపురం ఉంది. నేరస్త తెగల చట్టం కింద ఎరుకల వాళ్లకు వేసిన ముద్ర, 1952లో ఆ చట్టం రద్దయ్యాక కూడా ఎంత కాలం వెంటాడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ అమ్మాయికి ఆ కథ తెలిస్తే వాళ్ల కోపం త్వరగా అర్థమవుతుంది.

అయితే వాళ్లను ఉద్ధరిద్దామని మాత్రం వెళ్లకూడదు. పిల్లాడికి ఏం కావాలో అక్కడి పెద్దలకు, కుటుంబానికి తెలుసు. మెల్‌బోర్న్‌లో 2005 నుంచి పిల్లల కూరీ కోర్టు నడుస్తోంది (ఆ ప్రాంతపు అబోరిజినల్ వాళ్లు తమను కూరీలంటారు). నేరం ఒప్పుకున్న పిల్లాడితో మేజిస్ట్రేటు, అబోరిజినల్ పెద్దలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు. శిక్ష వేసేది మేజిస్ట్రేటే అయినా, తాతల వరసైన మనిషి నిలదీస్తే తగిలినట్టు ఇంకెవరి మాటా తగలదు. ఆ బల్ల దగ్గర మీ అమ్మాయి పని ఎక్కువ వినడం, ఒప్పుకున్నవి జరిగేలా చూడడం. పిల్లాడు కొన్నాళ్లు పెద్దమ్మ ఇంట్లో, కొన్నాళ్లు తాత ఇంట్లో ఉన్నాడంటే, మన ఇళ్లలోనూ అది మామూలే కాబట్టి గాలికి వదిలేశారని మీ అమ్మాయి అనుకోదు. అది ఆమెకు ప్లస్సే.

కొన్ని ఉద్యోగాలు అబోరిజినల్ అభ్యర్థులకే కేటాయిస్తారు. అది న్యాయం, వాటి జోలికి వెళ్లొద్దు. మిగతావాటిలో అబోరిజినల్ సహోద్యోగులు ఉన్న టీమ్ దొరికితే మొదటి రెండేళ్లు అక్కడే చేయమనండి.

కోర్సుకి ఆస్ట్రేలియా సోషల్ వర్కర్ల సంఘం (ఏఏఎస్‌డబ్ల్యూ) గుర్తింపు ఉందో లేదో చూసుకోమనండి. ఉంటే అందులో కనీసం 1000 గంటల ప్లేస్‌మెంట్, అంటే బయట సంస్థల్లో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, ఉంటుంది. మిగిలిన గంటలు కేసులున్న పిల్లలను చూసే యూత్ జస్టిస్ విభాగంలోనే ఇప్పించమని ఇప్పుడే అడగాలి. పిల్లలతో పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు, పోలీసు తనిఖీ తప్పనిసరి. డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే ఈ రంగంలో ఉద్యోగం కష్టం. వలస వీసాకు సోషల్ వర్కర్ అర్హతను మదింపు చేసేదీ ఏఏఎస్‌డబ్ల్యూనే. కాకపోతే కేస్ మేనేజర్ పేరుతో ఉన్న ప్రతి ఉద్యోగమూ సోషల్ వర్కర్ అనుభవం కింద లెక్కకు రాకపోవచ్చు, చేరేముందే విచారించుకోవాలి. ఇక్కడికి తిరిగొచ్చినా దారి మూసుకుపోదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో ఇలాంటి పనే ఉంది.

ఇక మీ భయం గురించి. దెబ్బల కంటే మనసు అలిసిపోవడమే ఇక్కడ పెద్ద ప్రమాదం. ఇంటర్వ్యూలో మూడు సంగతులు అడగమనండి: ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలను ఇస్తారు, సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకునే సూపర్‌విజన్ ఎన్నాళ్లకోసారి ఉంటుంది, ఇళ్లకు ఒంటరిగా పంపుతారా. వీటికి సూటిగా జవాబు చెప్పని చోట జీతం ఎంతిచ్చినా చేరనివ్వకండి.