టెక్నాలజీ మ్యూజియంలో వెబ్ డెవలపర్: అమ్మాయి కోరుకున్న దారి మంచిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. పాత కంప్యూటర్లు, యంత్రాలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపు చూస్తుంటే, తను మాత్రం టెక్నాలజీ మ్యూజియంలో వెబ్ డెవలపర్‌గా చేరతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగాలుంటాయా? అక్కడ చేరితే నేర్చుకున్న విద్య పాతబడిపోదా? ఎలా సిద్ధం కమ్మని చెప్పాలి? - ఒక తల్లి

జవాబు: ఉంటాయి, కానీ తక్కువ. పెద్ద మ్యూజియాలకు సొంత డిజిటల్ బృందాలుంటాయి. చిన్నవాటిలో ఒక్కరే వెబ్‌సైట్, టికెట్ల పేజీ, గ్యాలరీలోని టచ్ స్క్రీన్లు అన్నీ చూసుకోవాల్సి రావచ్చు. మరికొన్ని సంస్థలు ఈ పనిని బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. అందుకే ఉద్యోగం వెతికేటప్పుడు మ్యూజియాలతో పాటు, వాటికి వెబ్‌సైట్లు, ప్రదర్శనలు తయారుచేసే సంస్థల పేర్లు కూడా రాసుకోమనండి. మొదటి అవకాశం చాలామందికి ఆ వైపు నుంచే వస్తుంది.

ఇక మీ అసలు భయం, విద్య పాతబడిపోతుందేమోనని. మ్యూజియం వెబ్‌సైట్ అంటే వేళలు, టికెట్ ధర, నాలుగు ఫొటోలు అనుకుంటే ఆ భయం సహజమే. అసలు పని వాటి వెనకున్న సేకరణలో ఉంటుంది. బ్రిటన్‌లోని సైన్స్ మ్యూజియం గ్రూప్ సేకరణలో 70 లక్షలకు పైగా వస్తువులున్నాయి. ఇంత పెద్ద సేకరణలో గ్యాలరీకి ఎక్కేది చిన్న భాగమే. మిగతావి ఎక్కువమందికి కనిపించాలంటే వెబ్‌దే ప్రధాన తలుపు. ఆ తలుపు కట్టేది మీ అమ్మాయి లాంటివాళ్లు.

ఆ డేటా చాలా మొండిది. ఉదాహరణకు తేదీ తీసుకుందాం. ఆన్‌లైన్ దుకాణంలో ఆర్డర్ తేదీ ఎప్పుడూ కచ్చితంగా ఉంటుంది. మ్యూజియం రికార్డులో మాత్రం ‘1950 ప్రాంతం’, ‘1962కు ముందు’, ‘1970ల మొదట్లో’ అని ఉంటుంది. 1960ల నాటి వస్తువులు చూపించమని సందర్శకుడు అడిగితే వీటిలో ఏవి రావాలి? తొలి సంవత్సరం, చివరి సంవత్సరం, తెరపై కనిపించే మాట, ఈ మూడింటినీ విడివిడిగా దాచుకోవాలి. క్యూరేటర్ (సేకరణను చూసుకునే నిపుణులు) రాసిన సందేహాన్ని ప్రోగ్రామర్ చెరిపేయకూడదు.

వస్తువు నంబర్ల సంగతీ అంతే. చాలా మ్యూజియాల్లో 2014.37.2 లాంటి నంబరు ఇస్తారు. 2014లో చేరిన 37వ సేకరణలో రెండో వస్తువు అని దానర్థం. రెండు భాగాలే ఉన్న 2014.10 నంబరును దశాంశ సంఖ్యగా నిల్వ చేస్తే చివరి సున్నా రాలిపోయి 2014.1 అవుతుంది. అది ఇంకో వస్తువు నంబరు! ఒకే తయారీ కంపెనీ ఒక రికార్డులో పొడి అక్షరాలతో, మరో రికార్డులో పూర్తి పేరుతో ఉంటుంది. ఒక పాత కంప్యూటర్‌కు తయారుచేసినవారు, వాడినవారు, మ్యూజియానికి ఇచ్చినవారు వేర్వేరుగా ఉంటారు. ఇవన్నీ సరిగ్గా కలిపి వెతకడానికి వీలుగా పెట్టగలిగిన మనిషికి డేటాబేస్ డిజైన్, సెర్చ్, ఏపీఐలు (ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్ నుంచి డేటా అడిగి తీసుకునే మార్గాలు) బాగా పట్టుబడతాయి. ఆ విద్యకు ఎక్కడైనా విలువ ఉంటుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మరొకటుంది. మామూలు కంపెనీలో ఒక పేజీని రెండు మూడేళ్లకు తీసేసి కొత్తది పెట్టినా పెద్దగా ఎవరూ బాధపడరు. మ్యూజియంలో వస్తువు పేజీ చిరునామా దశాబ్దాలు నిలవాలి. పరిశోధకులు దాన్ని ఉటంకిస్తారు, ఉపాధ్యాయులు పాఠాల్లో వాడతారు, గ్యాలరీలో ముద్రించిన క్యూఆర్ కోడ్ దాన్నే చూపిస్తుంది. బ్రౌజర్లలో ఆటలు, యానిమేషన్లు నడిపించిన అడోబీ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31న మద్దతు ముగిసినప్పుడు, ఏళ్ల తరబడి దానిపై కట్టిన విద్యా ఆటలు, ప్రదర్శనలు బ్రౌజర్లలో ఆగిపోయాయి. అప్పటి నుంచి, పాత సాఫ్ట్‌వేర్‌ను అనుకరించే రఫుల్ లాంటి ఎమ్యులేటర్లతో వాటిలో కొన్నిటిని తిరిగి బతికిస్తున్నారు. మరోవైపు, ఐరోపాలోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ మొదలుపెట్టిన తొలి వెబ్‌సైట్ పేజీలు, వెబ్ పేజీలు రాసే మూల భాషైన సాదా హెచ్‌టీఎంఎల్ కావడంతో ఈనాటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి. 2013లో సెర్న్ ఆ సైట్‌ను పాత చిరునామాలో పునరుద్ధరించే పని చేపట్టింది. 2019లో ఒక బృందం, నెక్స్ట్ అనే అప్పటి కంప్యూటర్‌పై నడిచిన తొలి బ్రౌజర్‌ను ఇప్పటి బ్రౌజర్ లోపలే నడిచేలా మళ్లీ కట్టింది. టెక్నాలజీ మ్యూజియంలో వెబ్ డెవలపర్‌కు ఈ భాగ్యం ఉంది. తను రాసే కోడ్ ప్రదర్శనకు పనిముట్టే కాదు, కొన్నిసార్లు ప్రదర్శన వస్తువు కూడా.

కాబట్టి ఆమెను ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ పునాదులు గట్టిగా నేర్చుకోమనండి. ఫ్రేమ్‌వర్క్ (సైట్లు త్వరగా కట్టడానికి ముందే సిద్ధం చేసిన కోడ్) ఒకటి వస్తే చాలు, అవి మారుతూనే ఉంటాయి. తర్వాత ఎస్‌క్యూఎల్, ఒక సర్వర్ భాష, గిట్ కావాలి. మొదటిది డేటాబేస్‌ను అడిగే భాష, చివరిది కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే పనిముట్టు. పెద్ద చిత్రాలను లోతుగా జూమ్ చేసి చూపడానికి, ఒక సంస్థ చిత్రాన్ని మరో సంస్థ సైట్‌లో వాడుకోవడానికి ట్రిపుల్ ఐ ఎఫ్ అనే ప్రమాణం ఉంది. దాన్ని అర్థం చేసుకున్న కొత్తవాళ్లు అరుదు, ఇంటర్వ్యూలో వెంటనే కంటపడతారు.

అందరికీ అందుబాటు అనే విషయాన్ని చివర్లో చూసుకునే పనిగా అనుకోవద్దని కూడా చెప్పండి. మ్యూజియానికి పసిపిల్లల నుంచి తొంభై ఏళ్ల వారి దాకా, చూపు లేనివారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు, అందరూ వస్తారు. వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఎలా కట్టాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.2 మార్గదర్శకాలు 2023 అక్టోబరులో వచ్చాయి. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలనే నియమం అంతకు ముందు నుంచే ఉంది. వాటిని చదివి, తను కట్టిన పేజీని మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతో, తెరపై ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడి చూడాలి. గ్యాలరీలోని టచ్ స్క్రీన్ కియోస్క్‌కు మరికొన్ని కష్టాలుంటాయి. నెట్ పోయినా అది ఆగకూడదు. పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచినా మెమరీ నిండిపోయి స్తంభించకూడదు. ఒకరు మధ్యలో వదిలి వెళ్తే కాసేపటికి తానే మొదటి తెరకు రావాలి.

పోర్ట్‌ఫోలియో (తన పనుల నమూనాలు) కోసం ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమెరికాలోని మ్యూజియాల సంస్థ స్మిత్సోనియన్ 2020 ఫిబ్రవరిలో 28 లక్షల చిత్రాలను, త్రీడీ నమూనాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. డేటాను ఏపీఐ ద్వారా తీసుకోవచ్చు. సైన్స్ మ్యూజియం గ్రూప్ తన సేకరణ వెబ్‌సైట్ కోడ్‌నే, కోడ్ పంచుకునే సైట్ అయిన గిట్‌హబ్‌లో బహిరంగంగా ఉంచింది. ఉద్యోగంలో చూడబోయే కోడ్ ఎలా ఉంటుందో ఇప్పుడే చదువుకోవచ్చు. అదే సంస్థ ‘నెవర్ బీన్ సీన్’ అనే చిన్న పేజీ చేసింది. ఆన్‌లైన్ సేకరణలో అప్పటిదాకా ఎవరూ తెరవని వస్తువును అది మీకు చూపిస్తుంది. సాంకేతికంగా అందులో పెద్ద విశేషం లేదు. ఆలోచనే విశేషం. మీ అమ్మాయి అలాంటిదొకటి, ఉదాహరణకు కాలిక్యులేటర్ల చరిత్రను వాటి బొమ్మలతో వరుసగా చూపే పేజీ, తయారుచేసి అందులో తేదీల చిక్కును ఎలా విప్పిందో వివరంగా రాసి పెడితే, పది కోర్సుల సర్టిఫికెట్ల కన్నా బలంగా ఉంటుంది. అయితే వస్తువు పాతదైనా దాని ఫొటోపై హక్కు వేరే వారిది కావచ్చు. ప్రతి చిత్రం లైసెన్సు చూసుకుని, మూలం పేరు వేయాలి.

జీతం గురించి దాచకుండా చెబుతాను. అదే నైపుణ్యానికి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ సాధారణంగా ఎక్కువే ఇస్తుంది. కొన్ని మ్యూజియం కొలువులు గ్రాంటు డబ్బుపై నడిచే ఒప్పంద ఉద్యోగాలు. గ్రాంటు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ఇంటి బాధ్యతలు తనపైనే ఉంటే మొదట రెండు మూడేళ్లు ఏజెన్సీలోనో కంపెనీలోనో పనిచేసి, అనుభవంతో మ్యూజియం వైపు రావడం మేలు. అలా వచ్చినవారికి బేరమాడే బలమూ ఉంటుంది. అంత ఒత్తిడి లేకపోతే నేరుగా వెళ్లనివ్వండి. ఇంత స్పష్టమైన ఇష్టం ఉన్న అమ్మాయిని వెనక్కి లాగమని నేను చెప్పలేను.

అవకాశం వచ్చినప్పుడు మాత్రం చేరేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోమనండి. ఈ ఉద్యోగానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎన్నాళ్లకు? సేకరణ డేటాను సరిదిద్దే అధికారం ఎవరిది, వాళ్లతో తను నేరుగా మాట్లాడవచ్చా? గతంలో చేసిన ప్రదర్శనల వెబ్ పేజీలను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? మూడో ప్రశ్నకు ‘ఎవరూ లేరు’ అని జవాబొస్తే, ఆ పాత పేజీల బాగోగులకు వారంలో ఎంత సమయం ఇస్తారో ఉద్యోగ పత్రంలో రాయించుకోవాలి.