ఖైదీల రిజిస్టర్లు చదవడానికి ఊరివాళ్ళే కావాలి

ఆస్ట్రేలియాకు చెందిన టాస్మానియా ద్వీపంలో పాత ఖైదీల రికార్డుల నుంచి వాళ్ళ జీవితకథలను వెలికితీసే పనిని చరిత్రకారులకు వదిలేయకుండా మామూలు మనుషులు స్వచ్ఛందంగా ఎందుకు చేస్తున్నారని మీరు అడిగారు. వాళ్ళు చేయకపోతే ఆ పని సగంలోనే ఆగిపోతుందని నేను గట్టిగా నమ్ముతాను. బ్రిటన్ పాలకులు ఆ ద్వీపానికి సుమారు 75,000 మంది ఖైదీలను ఓడల్లో పంపి, వాళ్ళ ఎత్తు, కంటి రంగు, పచ్చబొట్లు, నేరం, తరువాత పడిన శిక్షలు రాసిపెట్టారు. ఆస్ట్రేలియా ఖైదీల రికార్డులను యునెస్కో 2007లో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. అన్ని పేజీలు చదవగలిగినంత మంది ఏ ఒక్క విశ్వవిద్యాలయంలోనూ ఉండరు.

ఇది నాకు మా దగ్గరే అనుభవమైంది. నేను గుంటూరులో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాడిని. నాలుగేళ్ళ క్రితం మిత్రులం ముగ్గురం పల్నాటి పుల్లరి (అడవిలో పశువుల మేతపై పన్ను) వ్యతిరేక ఉద్యమ కాలపు ఖైదీల రిజిస్టరు ఒకదాని నకళ్ళు సంపాదించాము. అవి చేతికి రాకముందు, పరిశోధకులమని ధ్రువపత్రం తెమ్మని ఆ రిజిస్టరు ఉన్న కార్యాలయం వారు మమ్మల్ని మూడుసార్లు తిప్పి పంపారు. తాతల పేర్లు వెతుక్కునే మనవలకు ధ్రువపత్రం ఎవరిస్తారు? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నీడలో పశువుల మేతకు వసూలు చేసిన పుల్లరిని ఎదిరించి, 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచిన కన్నెగంటి హనుమంతు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అదే అడవికి పశువులను తోలి జైలుకు వెళ్ళిన కాపరుల పేర్లు మాత్రం పెద్దవాళ్ళమే చెప్పలేము.

ఆ రిజిస్టరులో ఒక ఖైదీ వివరాలున్న వరుస దగ్గర రెండు వారాలు ఆగిపోయాము. ఇంటిపేరు లేదు. గుమాస్తా ఇంగ్లీషులో రాసిన ఊరి పేరు ఏ పటంలోనూ దొరకలేదు. మా మిత్రుడు దానిని పైకి రకరకాలుగా పలికి చూస్తుండగా, రెంటచింతల వైపు పుట్టి పెరిగిన వాళ్ళ అమ్మగారు వంటింట్లో నుంచి "అది మా పక్కూరే గదరా" అన్నారు. గుర్తుల గడిలో ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని ఉందని చెప్పగానే ఆమె వచ్చి మా పక్కన కూర్చున్నారు. "కాలినచెయ్యి తాత! నా చిన్నప్పుడు చూశాను. జైలు నుంచి వచ్చేసరికి ఆవులను వేలం వేసేశారని చెప్పి ఏడ్చేవాడు" అన్నారు.

మరుసటి ఆదివారం ఆ ఊరు వెళ్ళి ఆయన మునిమనవణ్ణి కలిశాము. ఇంట్లో తాత ఫొటో ఒక్కటీ లేదు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు అని చదివితే, ఆయన టేపు తెచ్చి గోడమీద అంత ఎత్తున బొగ్గుతో గీత గీసి, పక్కన తన కొడుకును నిలబెట్టి చాలాసేపు చూశాడు.

ఎంత చదువుకున్న చరిత్రకారుడైనా ఆ వరుసను కాలినచెయ్యి తాతగా గుర్తుపట్టలేడు. మచ్చను, యాసను, ఊళ్ళ పేర్లను ఎరిగినవాళ్ళే ఆ పని చేయగలరు. అయితే విన్నదంతా రికార్డు కాదు కాబట్టి, పుట సంఖ్య లేకుండా తమ పూర్వీకులను ఉద్యమకారులుగా ప్రకటించుకునే కుటుంబాల తీరు నన్ను బాధిస్తుంది. అందుకే మేము రిజిస్టరులో ఉన్న మాటను ఒక గడిలో, అమ్మగారు చెప్పిన మాటను వేరే గడిలో రాసుకున్నాము.

మాకు ఇంకా పద్దెనిమిది వరుసలు మిగిలాయి. మాచర్ల, వెల్దుర్తి వైపు పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవారు దయచేసి ఈ సమాధానం కింద రాయండి. ఆ ఊళ్ళ పేర్లను వాళ్ళకు చదివి వినిపించడానికి మేమే వస్తాము.