చెట్టు తీసేస్తే కలప నీదే అంటే ఒప్పుకోవచ్చా?

మీ పక్కింటావిడ పెరట్లో పెద్ద వేపచెట్టు గాలికి పడిపోయిందనీ, "తీసేసి శుభ్రం చేస్తే కలపంతా నువ్వే పట్టుకుపో" అంటున్నారనీ, గిట్టుబాటవుతుందా అనీ అడిగారు. అవదు. ఇంతటితో ఆపేయొచ్చు గానీ, నాకు తగిలిన దెబ్బ చెప్పకపోతే మీరు వినరు. నాకూ అప్పట్లో ఒకాయన చెప్పాడు, నేను వినలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ తుఫాను గురించి విశాఖ వైపు వాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. మేం ఉండేది పెందుర్తి దాటాక ఒక ఊళ్ళో. మూడో రోజుకి గాలీ వానా లేవు, కరెంటూ లేదు, పాలూ లేవు, పెట్రోలు బంకు దగ్గర మాత్రం సీసాలు పట్టుకుని జనం. మా బావ ఫర్నిచరు షాపు మూసుకుని ఖాళీగా కూర్చున్నాడు. మా బావ వడ్రంగి కాదు. వడ్రంగుల చేత చేయించి అమ్మేవాడు. ఈ తేడా నాకు తర్వాత తెలిసొచ్చింది.

మా వీధి చివర ఒక రిటైర్డు మాస్టారి పెరట్లో పనసచెట్టు వేళ్ళతో సహా లేచి, ప్రహరీ మీదుగా సందులోకి పడింది. అది చూసేసరికి బావ కళ్ళు మెరిశాయి. "ఒరే, పనస! బొబ్బిలి వీణలు దీంతోనేరా చేసేది. ఒక్క దుంగని తొలిచి చేస్తారు. చేవ పసుప్పచ్చగా బంగారంలా ఉంటుంది," అన్నాడు. మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు. "తీసుకెళ్ళండి బాబూ, నాకు పైసా వద్దు. పెరడు మాత్రం శుభ్రంగా ఉండాలి," అన్నారు. ఆ 'శుభ్రంగా' అన్న మాట మేం సరిగ్గా వినలేదు. పక్కనే నిలబడ్డ ముసలి కట్టెల వ్యాపారి విన్నాడు. "తుఫాను కర్ర జోలికి పోకండి, ఊరంతా చెట్లే," అని తన దారిన తాను పోయాడు.

బావ తాడుతో కొలిచాడు. మాను చుట్టుకొలత 5 అడుగులు, తిన్నగా ఉన్న పొడవు 8 అడుగులు. చుట్టుకొలతలో నాలుగో వంతుని దాంతోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తే పన్నెండున్నర ఘనపుటడుగులు. పైన లావు కొమ్మలు కలిపి 16 దాకా తేల్చాడు. ఇక్కడో మాట చెప్పుకోవాలి. కలప అడితి వాళ్ళందరిదీ ఈ నాలుగో వంతు లెక్కే. గుండ్రటి మానుని నిజం లెక్కన చూస్తే ఆ పన్నెండున్నర దగ్గర దగ్గర 16 అవుతుంది. బెరడూ చెక్కూ పోగా మిగిలేది ఇంతేనంటారు వాళ్ళు. మరి బెరడు తీసేసిన దుంగ పట్టుకెళ్ళినా అదే లెక్క ఎందుకో ఇంతవరకూ నాకు ఎవరూ చెప్పలేదు. పోనీండి.

ఖర్చులు విన్నారా, మీకే అర్థమవుతుంది. మిషన్ రంపం ఉన్నవాడికి ఆ వారం రాజభోగం. ఎవర్ని పిలిచినా "రేపు" అనేవాళ్ళే. చివరికి దొరికినవాడు రోజున్నరకి 4,500 పుచ్చుకున్నాడు. పనసపాలకి రంపం గొలుసు జిగురుపట్టి గంటకోసారి ఆగేది, కిరసనాయిలు పోసి తుడవాలి. కూలీలు ముగ్గురికి రెండు రోజులకి 3,000. ట్రాక్టరు రెండు తిరుగుళ్ళకి 2,400.

ఒక సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. పడ్డ చెట్టు నిలబడ్డ చెట్టు లాంటిది కాదు. మాను ఒక చోట గోడ మీద ఆని, ఇంకో చోట కొమ్మల మీద నిలిచి, లోపల విల్లులా బిగుసుకుని ఉంటుంది. పైనుంచి కోస్తే రంపం ఇరుక్కుపోతుంది, కిందనుంచి కోస్తే ఎగిరి మొహం మీదికొస్తుంది. మా వాడు మాను మొదలు దగ్గర కోసేసరికి, అప్పటిదాకా గాల్లో ఉన్న వేళ్ళు మట్టితో సహా ఒక్కసారి వెనక్కి వాలి గోతిలో ధబ్బున కూర్చున్నాయి. అంతకు నిమిషం ముందు ఆ గోతిలో ఒక కుర్రాడు దిగి కొడవలి వెతుక్కుంటున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటర్నెట్లో చెట్లు కోసే వీడియోలు పెట్టేవాళ్ళు ఇలాంటివి చూపించరు, చివర్లో నున్నగా మెరిసే బల్ల ఒకటి చూపిస్తారు.

కరెంటు వచ్చాక దుంగని మిల్లుకి తీసుకెళ్ళాం. రంపం మీదికెక్కిన కాసేపటికే 'ఖణేల్' మని మోత. ఎప్పుడో మాస్టారి వాళ్ళు బట్టల తీగె కట్టడానికి కొట్టిన మేకు, చెట్టు దాని చుట్టూ పెరిగి మింగేసింది. పైకి ఆనవాలు కూడా లేదు. మిల్లు వాడు బ్లేడుకి 1,500, కోతకి 900 తీసుకున్నాడు, తిట్లు ఊరికే. పెరటి చెట్టులో ఇనుము లేకపోవడమన్నది నేను చూడలేదు. మేకో, బోల్టో, ఉయ్యాల కొక్కెమో ఉండి తీరుతుంది. దుంగ విప్పితే మధ్యలో జానెడు తొర్ర, దాన్నిండా చీమల మట్టి. 16 ఘనపుటడుగులు అనుకున్నది పలకలు కోసేసరికి 7 ఘనపుటడుగులే తేలింది. బావే అడుగు 700 లెక్కన 4,900 అన్నాడు, అదీ తన షాపుకి తనే వేసుకున్న ధర. కొమ్మల పేళ్ళు 1,800. ముసలాయన చెప్పినట్టే వీధి వీధికీ కట్టెలు గుట్టలుగా ఉన్నాయి, ఇంకెవరు కొంటారు? పెట్టింది 12,300, వచ్చింది 6,700.

అక్కడితో అయిపోలేదు. ఆకూ కంపా మూడు రోజులు మోశాం. ప్రహరీలో ఇంకో రెండు వరసల ఇటుకలు మా కూలీల చేతిలో ఊడాయి. మాస్టారేమో మొదలు కూడా పీకించమన్నారు. దానికి పొక్లెయిను కావాలి, ఆ సందులోకి సైకిలు రావడమే కష్టం. బతిమాలి వదిలించుకున్నాం. ఆ మొదలే తర్వాత చిగురేసింది, ఇప్పుడు ప్రహరీని దాటింది. అందుకే అంటాను, సగం వేళ్ళు మట్టిలో ఉన్న చెట్టుని కొమ్మలు తగ్గించి నిలబెట్టడం చూడండి ముందు. మనవాళ్ళకి చెట్టు పడగానే గొడ్డలే గుర్తొస్తుంది. పడకముందేమో మొదలు చుట్టూ టైల్సు పరిచి చుక్క నీళ్ళు దిగనివ్వరు. వేరు లోతుకి వెళ్ళకపోతే గాలికి పడక ఏం చేస్తుంది?

గిట్టే సందర్భాలు లేకపోలేదు. మా నాన్న పొలం గట్టు మీద పడ్డ తాడిచెట్లు రెండు తెచ్చి పశువుల సాలకి వాసాలు వేశాడు, ఇప్పటికీ ఉన్నాయి. గట్టు దాకా బండి వస్తుంది, కంప అక్కడే ఎండుతుంది, మొదలు ఎవడికీ అక్కర్లేదు, కర్ర మన ఇంటికే. ఇవి కుదిరితే సరే. వేప చేవ గట్టిదే, చెద పట్టదు, కానీ అమ్మబోతే టేకు ధర ఎవడూ ఇవ్వడు. టేకో ఎర్రచందనమో అయితే ఫారెస్టు వాళ్ళ పర్మిట్ లేకుండా రోడ్డెక్కించకండి. చెట్టు మొదలు ఆవిడ గోడకి లోపలుందో, వీధిలో ఉందో కూడా చూసుకోండి. వీధిదైతే అది మున్సిపాలిటీది, మీకు ఇచ్చేయడానికి ఆవిడెవరు?

అంతగా ఆశ చావకపోతే, మొదలూ కంపా మాకు సంబంధం లేదని కాగితం మీద రాయించుకుని, పైన కూలి ఖర్చు ఎంతో కొంత అడగండి. ఇస్తే ఒప్పుకోండి. మాను మీద గొడ్డలి వెనకతో కొట్టి చూడండి, డొల్ల మోత వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. వచ్చేముందు ఆవిడ బట్టల తీగె ఇన్నాళ్ళూ దేనికి కట్టేవారో కూడా అడగండి.