కొన్న శిల్పాన్ని వెనక్కి ఎందుకిచ్చారు?

ప్రశ్న: చందవరం బౌద్ధ శిల్పాన్ని డబ్బు పెట్టి కొన్న ఆస్ట్రేలియా మ్యూజియం మనకు తిరిగి ఇచ్చేసిందట. మన చట్టం అక్కడ చెల్లుతుందా? మాది ఆదుర్రు స్తూపానికి దగ్గర ఊరు. మా గుడి విగ్రహాల గురించి బెంగగా ఉంది.
– ఒక పాఠకురాలు, మామిడికుదురు

జవాబు: అమ్మా, పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని మన 1972 చట్టం నిషేధించింది. కానీ ఆ నిషేధం పరాయి రేవులో దానంతటదే పనిచేయదు, అక్కడి దిగుమతి చట్టం తోడు కావాలి. మూలదేశం నుంచి అక్రమంగా తరలించిన వారసత్వ వస్తువును దిగుమతి చేసుకోవడం ఆస్ట్రేలియాలో 1986 చట్టం ప్రకారం నేరం. కాన్‌బెర్రాలోని జాతీయ గ్యాలరీ ఆ శిల్పాన్ని 2005లో సుభాష్ కపూర్ అనే వ్యాపారి దగ్గర కొంది, అది అక్రమంగా తరలించినదని తేలాక 2016లో భారత్‌కు అప్పగించింది. అమెరికాలో 1983 చట్టం కింద దిగుమతి ఆంక్షలు ప్రధానంగా మూలదేశంతో చేసుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటాయి. మనతో ఆ ఒప్పందం 2024 జులైలో గానీ కుదరలేదు. ఇంత ఆలస్యం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు చాలా మ్యూజియాలు కొనే ముందు, 1970కి ముందే వస్తువు స్వదేశం దాటిందని చూపే కాగితాలు అడుగుతున్నాయి. అది సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒడంబడిక కుదిరిన సంవత్సరం.

మీరు చేయగలిగిందీ ఉంది. తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నుంచి చోరీ అయిన నటరాజ విగ్రహాన్ని గుర్తుపట్టడానికి పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ పరిశోధన సంస్థ తీసిన పాత ఫొటోలు ఆధారమయ్యాయి. మీ గుడి విగ్రహాలను అన్ని వైపులనుంచీ ఫొటో తీయించండి, కొలతలు, పగుళ్లు రాసి ఉంచండి. చెరువు తవ్వకంలో ఏదైనా బయటపడితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.